తడి ఆరనివ్వండి

ప్రయాణంలో వేసిన నీటిరంగుల బొమ్మని ఎప్పుడు దిద్దాలి, ఎలా ముగించాలి, ఎక్కడ వదిలేయాలి

అంటార్కిటికాలో ఆరుబయట నీటిరంగులు పనిచేయవు. కుంచెలో ఉన్న నీరు కాగితం మీదే గడ్డకడుతుంది. కెప్టెన్ స్కాట్ వెంట రెండుసార్లు ఆ మంచుఖండానికి వెళ్లిన ఎడ్వర్డ్ విల్సన్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు, చిత్రకారుడు. 1901లో బయల్దేరిన మొదటి యాత్రలోనూ, 1910లో బయల్దేరిన రెండో యాత్రలోనూ ఆయనది ఒకటే పద్ధతి. చేతితొడుగు తీసి, వేళ్లు మొద్దుబారేలోపు పెన్సిల్‌తో గబగబా గీసేవాడు. ఆకాశంలో ఏ రంగు ఎక్కడుందో ఆ గీతల మధ్యే మాటల్లో రాసుకునేవాడు. గుడిసెకి తిరిగొచ్చాక దీపం వెలుగులో ఆ రాతలు చూసుకుంటూ రంగులు వేసేవాడు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ స్కాట్‌తోపాటు గుడారంలోనే ప్రాణాలు విడిచాడు. ఆయన వేసిన ధ్రువప్రాంతపు సూర్యాస్తమయాలు, చంద్రుడు గుడికట్టిన రాత్రులు చూస్తే, అవి నాలుగు గోడల మధ్య రంగు పూసుకున్న బొమ్మలంటే నమ్మబుద్ధి కాదు.

విల్సన్‌కి ఆ పద్ధతి చలి నేర్పింది. మనకి ఎండ, ఉక్కపోత నేర్పాలి. ప్రయాణంలో వేసే బొమ్మకి రెండు పూటలు కావాలి. ఒకటి చూసే పూట, రెండోది ముగించే పూట. ఈ రెండింటినీ ఒకే గంటలో ఇరికించబోవడం వల్లే మన బొమ్మల్లో చాలామటుకు పాడవుతున్నాయని నా గట్టి నమ్మకం. బొమ్మని చెడగొట్టేది మొదట పడిన తప్పు కాదు, దాన్ని అప్పటికప్పుడే సరిచేయాలన్న కంగారు.

ఈ మాట ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చుని ఊరిని బొమ్మగా గీసుకునే అలవాటు ప్రపంచమంతా పాకింది. గాబ్రియేల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో అమెరికాలోని సియాటిల్ నుంచి మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందం దీనికి పెద్ద ఊతమిచ్చింది. మన దగ్గరా ఆదివారం పొద్దున్నే చార్మినార్ చుట్టుపక్కల, అరకు రైల్లో కిటికీ పక్కన, పాపికొండల లాంచీ మీద చిన్న రంగులపెట్టె తెరుచుకుని కూర్చునేవాళ్లు కనిపిస్తున్నారు. అంతా ఉత్సాహంగా మొదలుపెడతారు. అరగంట గడిచేసరికి ఆకాశంలో ఒక మచ్చ పడుతుంది. దాన్ని రుద్దుతారు. మచ్చ పెద్దదవుతుంది. పుస్తకం మూసేస్తారు.

ఆ మచ్చ ఎందుకు పడుతుంది

కాగితం మీద వేసిన రంగు మూడు దశలు దాటుతుంది. మొదట తళతళ మెరుస్తుంది. అప్పుడు ఏం చేసినా చెల్లుతుంది, రంగు కలపొచ్చు, ఒంపొచ్చు, టిష్యూతో అద్దొచ్చు. తర్వాత మెరుపు పోతుంది కానీ లోపల చెమ్మ ఉంటుంది. ప్రమాదమంతా ఈ రెండో దశలోనే. సగం ఆరిన పూతలో కొత్తగా నీటిచుక్క పడితే, అది చుట్టూ ఉన్న రంగు కణాల్ని తోసుకుంటూ పోయి అంచున పోగుచేస్తుంది. చిత్రకారులు కాలీఫ్లవర్ అని పిలుచుకునే వంకరటింకర మచ్చ అలా పుడుతుంది. మూడోది పూర్తిగా ఆరిన దశ. అప్పుడు మళ్లీ కుంచె పెట్టొచ్చు. ఆరిందో లేదో చెయ్యి చెబుతుంది. అరచేతి వెనక వైపు కాగితానికి ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా నీరు ఉన్నట్టే.

ఈ మూడు దశల నిడివి ఊరిని బట్టి, నెలని బట్టి మారిపోతుంది. ఏప్రిల్‌లో గండికోట అంచున కూర్చుని పెన్నా లోయ ఎర్రరాళ్లు వేస్తున్నప్పుడు, కుంచె ఇటు నుంచి అటు వెళ్లేలోపే మొదలుపెట్టిన చోట ఆరిపోతుంది. ఆకాశమంతా గీతలు కడుతుంది. అక్కడ కాగితం వెనక వైపు కూడా తడిపి, పెద్ద కుంచెతో ఒకేసారి లాగేయాలి. గట్టిపడిన అంచుల్ని తర్వాత చెమ్మ కుంచెతో మెత్తబరచొచ్చు. ఆగస్టులో విశాఖ తీరంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలి నిండా తేమ ఉండి ఆ రెండో దశ ఎంతకీ ముగియదు. ఓపిక నశించి కుంచె పెడితే మచ్చ ఖాయం. అక్కడ రెండు పుస్తకాలు తీసుకెళ్లడమే మందు. ఒక దాంట్లో ఆకాశం ఆరుతుంటే రెండో దాంట్లో ఇంకో బొమ్మ మొదలుపెట్టాలి. చేతికి పని ఉంటే పాత బొమ్మ జోలికి పోదు.

ఇంకో సంగతి. నీటిరంగు తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక తేలికపడుతుంది. కాబట్టి తడి బొమ్మని చూసి, రంగు ముదిరిపోయిందని బెంగపడి కడిగేయడం ఇంకా జరగని తప్పుని దిద్దడమే. సాయంత్రం చూస్తే దానంతటదే సరిపోయి ఉంటుంది.

ఏ రంగు లేస్తుంది, ఏది లేవదు

నీటిరంగులో కణాల్ని కాగితానికి పట్టి ఉంచేది మన తుమ్మబంక జాతికి చెందిన గమ్ అరబిక్. ఆరిపోయినా నీళ్లు తగిలితే మళ్లీ కరగడం దాని గుణం. దిద్దుబాటు అంతా ఈ గుణం మీదే ఆధారపడి ఉంది. ఆరిన రంగు మీద శుభ్రమైన తడి కుంచెతో రెండుసార్లు మెల్లగా తిప్పి, పది దాకా లెక్కపెట్టి, టిష్యూతోనో పాత పంచెగుడ్డతోనో గట్టిగా అద్ది ఎత్తేయాలి. రుద్దకూడదు. దీన్నే రంగు లేపడం అంటారు. సన్నటి చోట్లకి చెవుల్లో పెట్టుకునే దూదిపుల్ల బాగా పనికొస్తుంది.

అయితే అన్ని రంగులూ ఇలా లొంగవు. అల్ట్రామెరీన్, కోబాల్ట్, సెరూలియన్ నీలాలు, బర్న్‌ట్ సియెన్నా లాంటి మట్టిరంగులు చాలావరకు లేస్తాయి. థాలో నీలం, థాలో ఆకుపచ్చ, ప్రష్యన్ బ్లూ, అలిజరిన్ క్రిమ్సన్ మాత్రం కాగితపు పీచుల్లోకి ఇంకి కూర్చుంటాయి. ఎంత అద్దినా వాటి నీడ మిగులుతుంది. అందుకే దిద్దుబాటు ఇంట్లో పెట్టె సర్దుకునేటప్పుడే మొదలవుతుందంటాను. స్టూడియోలో థాలో నీలం ఎంతో అందమైన రంగు, కాదనను. కానీ కుదుపుల బస్సులో, మధ్యాహ్నపు ఎండలో, భుజం మీదుగా నలుగురు తొంగి చూస్తుండగా వేసే బొమ్మకి క్షమించే రంగులు కావాలి. నా ప్రయాణపు పెట్టెలో నీలం అంటే అల్ట్రామెరీనే.

కాగితం సంగతీ అంతే. మంచి నీటిరంగుల కాగితానికి జెలటిన్ లాంటి జిగురు పట్టిస్తారు. రంగు పైపైన నిలిచేది దానివల్లే. గట్టిగా రుద్దితే ఆ పొర చిరిగి, అక్కడ పడిన రంగు అద్దుడు కాగితం మీద సిరాలా ఇంకిపోతుంది. నూరు శాతం నూలుతో చేసిన, 300 జీఎస్‌ఎం మందమున్న కాగితం రెండు మూడుసార్లు రంగు లేపడాన్ని తట్టుకుంటుంది. మామూలు డ్రాయింగ్ కాగితం మొదటిసారికే నూగు లేస్తుంది. డబ్బు తక్కువుంటే రంగుల దగ్గర తగ్గించుకుని కాగితం మంచిది కొనమని చెబుతాను. మన బజారులో దొరికే విద్యార్థుల రంగుబిళ్లలు మంచి కాగితం మీద చక్కగా పలుకుతాయి. ఖరీదైన రంగులు పనికిరాని కాగితం మీద పలకవు.

ఇక బ్లేడు. ఇది మొరటు పనిముట్టని చాలామంది భయపడతారు కానీ, దీనికి గొప్ప వంశమే ఉంది. 1818లో ఇంగ్లండ్‌లోని ఫార్న్లీ హాల్‌లో అతిథిగా ఉన్న చిత్రకారుడు టర్నర్ ఒక యుద్ధనౌక బొమ్మ వేయడం ఆ ఇంటి కుర్రాడు పక్కన కూర్చుని చూశాడు. కాగితం నిండా తడిరంగు పోసి, గీకి, గోకి, రుద్ది, చూసేవాడికి అంతా గందరగోళంగా ఉన్న దశ నుంచి మధ్యాహ్న భోజనం వేళకి తెరచాపలూ తాళ్లతో సహా నౌకని నిలబెట్టాడట. అమెరికన్ చిత్రకారుడు విన్‌స్లో హోమర్ సరస్సుల మీద చేపలు పట్టేవాళ్లని వేస్తూ, నీటి మీద మెరుపుని కత్తిమొనతో గీకి తెల్లకాగితాన్నే బయటికి తెచ్చేవాడు. మనం మరిచిపోయిన తెలుపుని, కెరటం అంచునో, పడవ తాడునో, తిరిగి తెచ్చుకోవడానికి ఇది సరైన దారి. కాగితం పూర్తిగా ఆరి ఉండాలి, ఆఖరి పని అయి ఉండాలి. గీకిన చోట మళ్లీ రంగు వేయబోతే ముద్దవుతుంది. విమానం ఎక్కేవాళ్లు బ్లేడుని చేతిసంచీలో కాకుండా లోపలికి పంపే సామానులో పెట్టుకోవాలి.

తెల్లరంగు వాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. కాగితపు తెలుపే తెలుపని నియమం పెట్టుకున్నవాళ్లని గౌరవిస్తాను. కానీ చైనీస్ వైట్ పేరుతో జింక్ తెలుపుని నీటిరంగుల వాళ్ల కోసమే 1834లో అమ్మకానికి తెచ్చారు. వెనిస్ కాలవల్లో పడవలో కూర్చుని బొమ్మలు వేసిన జాన్ సింగర్ సార్జెంట్ దట్టమైన తెలుపుని మొహమాటం లేకుండా వాడాడు. 1909లో బ్రూక్లిన్ మ్యూజియం ఆయన నీటిరంగుల బొమ్మలు 83 ఒక్కసారే కొనేసింది. వరిచేలో కొంగని వేయడానికి చుక్క తెలుపు పెడితే ఏ ధర్మమూ చెడదు. ఆకాశమంతా తెలుపుతో కప్పెట్టడం మాత్రం నాకు నచ్చదు. బొమ్మకి ఊపిరాడదు.

బందరు పాఠం

కడగడాన్నే పద్ధతిగా మార్చుకున్న చిత్రకారులు మన నేల మీదే ఉన్నారు. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యోకోయామా తైకాన్, హిషిదా షున్సోల పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్ పద్ధతిని రూపొందించాడు. 1920లలో మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించిన ప్రమోదకుమార చటర్జీ ద్వారా అది తెలుగు చిత్రకారులకి అందింది. ఆయన శిష్యుల్లో అడివి బాపిరాజు ఒకరు. బాపిరాజు అంతకుముందే రాజమండ్రిలో, కళాశాల ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడు అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే దగ్గర చదువుకున్నాడు. దామెర్ల రామారావు కూడా ఆ కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగినవాడే. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో వెళ్లిపోయిన రామారావు బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. నీటిరంగులు చేతబట్టినవాళ్లు ఒక్కసారైనా వెళ్లి, వాటి ముందు తీరిగ్గా నిలబడాలి.

వాష్ పద్ధతిలో రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, కాగితం మొత్తాన్ని నీళ్లలో ముంచుతారు. అంటుకోని రంగు కొట్టుకుపోతుంది, అంటినది మిగులుతుంది. చెమ్మగా ఉండగానే వెడల్పు కుంచెతో పలచటి పూత పూస్తారు. మళ్లీ ఆరనిచ్చి, మళ్లీ గీతలు సవరించి, మళ్లీ ముంచుతారు. ఇలా ఎన్నిసార్లో. ఇక్కడ తుడిచివేత ఓటమి కాదు, బొమ్మ ఎదిగే దారి.

ఇది లాడ్జి గదిలో కూడా పనికొస్తుంది. పొద్దున వేసిన బొమ్మలో రంగులు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయనుకోండి, చెట్టు ఒక చోట అరుస్తోంది, గోడ ఇంకో చోట. ముక్కముక్కగా దిద్దితే ఇంకా చెడుతుంది. నూలు కాగితమైతే ధైర్యంగా బక్కెట్ నీళ్లలో అడ్డంగా ముంచి, అటూ ఇటూ ఆడించి తీయండి. అంచులు మెత్తబడతాయి, అరుపులు తగ్గుతాయి, అంతా ఒకే గాలిలో ఉన్నట్టవుతుంది. పలక మీదో తలుపు మీదో టేపుతో అంటించి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్నే నాలుగైదు ముదురు చోట్లు, గుమ్మం చీకటి, చెట్టు మొదలు, మనిషి నీడ మళ్లీ పెడితే చాలు. సిరాతో గీసి ఉంటే ఆ సిరా నీటికి కరగనిదై ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

కోనసీమలో వరిచేల పచ్చదనం అందరినీ మోసం చేస్తుంది. పెట్టెలోని పచ్చని నేరుగా తీసి పూస్తారు. చూస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. దాన్ని కడగనవసరం లేదు. పూర్తిగా ఆరాక, బాగా పలచన చేసిన బర్న్‌ట్ సియెన్నాని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మెత్తటి కుంచెతో పైన లాగితే ఆ పచ్చ నేలకి దిగుతుంది. నీడలు మరీ చల్లగా, నీలంగా వచ్చినా ఇదే మందు.

ముగించడానికి కావలసినది అక్కడే రాసుకోవాలి

గదికి వచ్చి బొమ్మ ముందేసుకుంటే మనకి తెలిసేది, అక్కడ ఏం చూడలేదో. తలుపు నీలమా, ఆకుపచ్చా? నీడ ఎటు పడింది? చిత్రకారుడు ఎడ్వర్డ్ లియర్ దీనికి చక్కటి ఏర్పాటు చేసుకున్నాడు. వైస్రాయ్ నార్త్‌బ్రూక్ ఆహ్వానం మీద 1873లో వచ్చి 1875 దాకా మన దేశమంతా తిరిగిన లియర్, మద్రాసు, మహాబలిపురం, తంజావూరు కూడా చూశాడు. ఎక్కడ కూర్చున్నా పెన్సిల్‌తో గీసి, తేదీ వేసి, కొన్నిసార్లు గంట కూడా వేసి, ఏది ఏ రంగో బొమ్మ మీదే రాసేసేవాడు. ఆ తర్వాత వీలైనప్పుడు సిరాతో గీతల్ని ఖాయం చేసి, పలచటి రంగులు పూసేవాడు. ఆ రాతలు బొమ్మలోంచి చెరిపేయలేదు. ఇప్పుడు చూస్తే అవి కూడా బొమ్మలో భాగమే అనిపిస్తాయి. 1832లో మొరాకో వెళ్లిన ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రాయ్ పుస్తకాల్లోనూ అంతే, గీతలు, మాటలు, చిన్న చిన్న రంగు పూతలు పక్కపక్కనే ఉంటాయి. తర్వాత జీవితమంతా ఆయన వాటిమీద ఆధారపడ్డాడు. టర్నర్ 1819లో ఇటలీలో ఉన్నప్పుడు, ఒక రంగుబొమ్మ వేసే సమయంలో పదిహేను, పదహారు పెన్సిల్ బొమ్మలు గీయొచ్చని చెప్పి, ఆరుబయట రంగులు వేయడానికి ఇష్టపడలేదని సమకాలికుడొకరు ఉత్తరంలో రాశాడు.

కాబట్టి పేజీ అంచున రాసుకోండి. ఎన్ని గంటలకి మొదలుపెట్టారో రాసి, ఎండ ఎటునుంచి వస్తోందో ఒక బాణం గుర్తు వేయండి. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు. ఎనిమిదికి మొదలుపెట్టి పదికి ముగిస్తే ఒకే గోపురానికి రెండు నీడలు పడతాయి. ఆ తప్పు ఎక్కడుందో చూసేవాళ్లు చెప్పలేరు, ఏదో తేడాగా ఉందని మాత్రం అనుకుంటారు. దీనికి దిద్దుబాటు లేదు, ముందుజాగ్రత్తే. నీడల్ని మొదటి పది నిమిషాల్లోనే పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, తర్వాత అవి ఎటు జరిగినా పట్టించుకోకూడదు.

ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోండి, కిటికీలెన్నో, దూలం ఎటు వంగిందో చూసుకోవడానికి. రంగుకి మాత్రం దాన్ని నమ్మకండి. నీడల్ని నల్లగా చేస్తుంది, ఆకాశాన్ని తెల్లగా చేస్తుంది. ఫొటో చూసి ముగించిన బొమ్మలో మీరు నిలబడిన చోటు పోయి, ఫోన్ నిలబడిన చోటు మిగులుతుంది. రాత్రి లాడ్జి గదిలో పసుపు బల్బు కింద రంగు దిద్దడం కూడా వద్దు. ఆ వెలుగులో పలచటి పసుపు కంటికి ఆనదు, లేదనుకుని మళ్లీ మళ్లీ వేస్తాం. రాత్రి గీతలు సరిచూసుకోండి, అంచులు శుభ్రం చేసుకోండి. రంగు పని తెల్లవారాక కిటికీ పక్కన.

దారినపోయేవాళ్ల మాటల్నీ వినాలి. రాజమండ్రి రేవులో నా మిత్రుడొకరు గోదావరి మీద పడవ వేసి ముగించబోతుంటే, వెనక నిలబడి చూస్తున్న పడవాయన అన్నాడు: “బాగుందండి గానీ, పడవ అంత లోతు దిగిందంటే నిండా ఇసుక ఉండాలండి. అది ఖాళీ పడవ కదండీ.” పడవ పక్క మీదికి జానెడు ఎత్తున నీటి రంగు పాకి ఉంది. మావాడు అది ఆరేదాకా కూర్చుని, తడి కుంచెతో ఆ రంగు లేపి, నీటిగీతని కిందికి దించాడు. రెండు నిమిషాల పని. పడవ తేలింది. రంగుల గురించి మనకి వంద సలహాలు చెప్పేవాళ్లు దొరుకుతారు. ఖాళీ పడవ నీళ్ల మీద ఎలా కూర్చుంటుందో చెప్పేవాళ్లు రేవులోనే ఉంటారు.

ఏది వదిలేయాలి

అన్నీ దిద్దనక్కర్లేదు. వెలుగునీడల తూకం తప్పితే దిద్దండి. ఎండలో ఉన్న గోడ నీడలో ఉన్న గోడ కన్నా ముదురుగా ఉంటే బొమ్మ నిలబడదు. గోపురం ఒరిగితే దిద్దండి. హంపీలో విరూపాక్ష గోపురానికి తొమ్మిది అంతస్తులుంటే మీ బొమ్మలో ఎనిమిదే పడ్డాయా, వదిలేయండి. కాగితం పైన చోటు చాలక శిఖరం తెగిపోయిందా, తెగినట్టే ఉంచండి. దాన్ని కుదించి ఇరికించిన బొమ్మ కన్నా అది ఎంతో ఎత్తుగా కనిపిస్తుంది. మబ్బుల్లో పడిన కాలీఫ్లవర్ మచ్చ చాలాసార్లు మబ్బుగానే చెల్లుతుంది. అరకులో ఉన్నట్టుండి పడిన నాలుగు చినుకులు పేజీ మీద గుంటలు పెడితే వాటిని ముట్టుకోవద్దు. ఆ రోజు అక్కడ వాన పడింది.

పూర్తికాని బొమ్మ విషయంలో నాది ఇంకా గట్టి అభిప్రాయం. ఖాళీగా మిగిలిన మూలల్ని ఇంటికొచ్చాక నింపడం వల్ల బాగుపడిన బొమ్మ నేను అరుదుగా చూశాను. చూడని చోట ఊహించి పూసిన రంగుకీ, చూసి వేసిన రంగుకీ తేడా తెలిసిపోతుంది. రాసుకున్న గుర్తులున్నంత వరకే ముగించండి. గుర్తులు అయిపోయిన చోట తెల్లకాగితం ఉండనివ్వండి.

మరి ఏం చేసినా బాగుపడనివి? అట్టముక్కతో రెండు ఎల్ ఆకారాలు కత్తిరించి, ఆ చట్రాన్ని బొమ్మ మీద అటూ ఇటూ జరిపి చూడండి. పెద్ద బొమ్మలో చెడిపోయినదంతా చట్రం బయటికి పోయి, అరచేతి మందాన ఒక కిటికీ, రెండు మెట్లు, వాటి మీద ఎండ చక్కగా నిలిచిన చోటు ఒకటి దొరుకుతుంది. అంతమేరకి కోసి, కాగితం మందంగానే ఉంటుంది కాబట్టి వెనక పోస్టుకార్డులా గీత గీసి, ఆ ఊరి పోస్టాఫీసులోనే స్టాంపు అంటించి ఇంటికో స్నేహితులకో పంపేయండి. చిరునామా మాత్రం తడికి చెరగని సిరాతో రాయండి. వానాకాలమైతే బొమ్మని కవరులో పెట్టి పంపడం మేలు.